చిలక నోట నాయన మాట

పోయిన వారం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందర పెట్టింది. దాంట్లో ఒక పెద్ద చిలక బొమ్మ. నీలం రెక్కలు, పసుపు ఎద, కొడవలి లాంటి ముక్కు. మన చిలకలను పట్టి పెంచితే ఇప్పుడు కేసవుతుందంట, బయటి దేశాల చిలకలైతే పెంచుకోవచ్చంట. "అవ్వా, చిన్నప్పుడు నువ్వు పెద్ద చిలకను పెంచినావంట గదా. శానా కష్టమా?" అని అడిగింది.

తెలిసినంత చెప్పినాను. పొద్దున్నే నీళ్ళు మార్చాల. పంజరం అడుగు రోజూ కడగాల. గింజ ఒకటీ, పచ్చిది ఒకటీ పెట్టాల. ఒంటరిగా వదిలితే దాని ఈకలు అదే పీక్కుంటుంది. ముప్పై నలభై ఏండ్లు బతుకుతుంది కాబట్టి నీ పెండ్లయినాక కూడా నీ వెంటే వస్తుంది. ఆ పిల్ల అన్నిటికీ తలూపి పోయింది. దానికి చెప్పనిది ఇంకొకటి ఉంది. పిల్లలతో అనే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తాను.

మేము అప్పుడు ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిందని పెద్దోళ్ళు అరుగుల మీద బీడీలు కాలుస్తా మాట్లాడుకునే రోజులవి. మా వీధిలో పది ఇండ్లుంటే ఆరింట్లో మగ్గాలు. తెల్లారినప్పటి నుంచి మగ్గాల చప్పుడు, నూలుకు పెట్టే గంజి వాసన. ఆ గంజి వాసనలోకి మధ్యాన్నం రెండు గంటలప్పుడు డీజిలు వాసన వచ్చి కలిసిందంటే మా నాయన వచ్చినాడని అర్థం. నాయన బస్సు డ్రైవరు. పొద్దున జమ్మలమడుగు పోయి తిరిగి వచ్చి, ఇంట్లో అన్నం తిని, మళ్ళా బండెక్కేవాడు. కొన్ని రోజులు పులివెందుల దాకా వేసేవాళ్ళు.

అట్లా పులివెందుల పోయిన రోజే తువ్వాలలో చుట్టి ఒక చిలక పిల్లను తెచ్చినాడు. బస్సులో మరిచిపోయిన మూటను దాచి ఇచ్చినందుకు కొండ పక్క ఊరి రైతు ఎవరో సంతోషంగా చేతిలో పెట్టినాడంట. ఈకలు సగమే వచ్చినాయి. తల పెద్దది, ఒళ్ళు చిన్నది.

"ఇది మామూలు చిలక కాదు పాపా, రాచిలక," అన్నాడు నాయన. "పెరిగితే మోచేతి పొడుగు అవుతుంది. రెక్కల మీద ఎర్ర మచ్చలొస్తాయి. దీని పూచీ నీది. నేను బండి మీద ఉంటాను, మీ అమ్మకు ఇంటి పనే సరిపోతుంది."

తెచ్చిన కొత్తలో వెదురు పంజరంలో పెట్టినాం. కొంచెం పెరిగినాక రెండు రోజుల్లో దాన్ని పుల్లలు పుల్లలు చేసి బయటికొచ్చి, అమ్మ ఉప్పు బాన మీద కూర్చోనింది. మా పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవాడు. రేకులు కత్తిరించి బకెట్లు, గరాటలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. ఆయన లావు తీగెతో గుండ్రంగా పంజరం కట్టి, అడుగున జారే రేకు పెట్టి ఇచ్చినాడు. ఇచ్చేటప్పుడు నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పినాడు.

"చిలకను సాకేది బిడ్డను సాకేదాని కంటే కష్టం పాపా. బిడ్డ పెద్దదై దాని బువ్వ అది సంపాదించుకుంటుంది. ఇది ఎప్పటికీ నీ చెయ్యే చూస్తాంటాది."

నేను బాగానే చూసుకున్నాను, మొదటి రెండేండ్లు. నానబెట్టిన శెనగలు, చెనక్కాయలు, జామకాయ, పచ్చిమిరక్కాయలు. ఎండాకాలం ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి పెడితే రెక్కలు కొట్టి స్నానం చేసి నన్నూ తడిపేది. ఒకసారి ముద్దు పెట్టబోతే కింది పెదవి చీల్చింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. అయినా సాయంత్రం బడి నుంచి వచ్చేతలికి తీగెల దగ్గరికి వచ్చి తల వంచేది. మెడ వెనక గోకమని. గోకుతుంటే కండ్లు మూసుకొని ఒళ్ళంతా బూరగ దూది మాదిరి ఉబ్బేది. ఇంట్లో ఎవరికీ అట్లా తల వంచేది కాదు, నాకూ మా నాయనకూ తప్ప.

జేజి, అంటే మా నాయన తల్లి, దానికి దేవుడి పేర్లు నేర్పాలని నెల రోజులు పంజరం ముందర కూర్చోనింది. ఒక్కటీ అనలేదు. అది నేర్చింది ఒకే మాట. నాయన మధ్యాన్నం గడపలో చెప్పులు విడిచి, రోడ్డు దుమ్ముకు ఒక దగ్గు దగ్గి, "ఏమ్మీ, ఆకలైతాంది. ఏమన్నా పెట్టుమీ" అనేవాడు. కూర్చోని మొదటి ముద్ద తాను తినకుండా పంజరంలోకి అందించేవాడు. ఆ దగ్గుతో సహా, ఆ బొంగురుతో సహా చిలక పట్టేసింది. వినే వాళ్ళకు తేడా తెలిసేది కాదు. ఒకరోజు అమ్మ దొడ్లో నుంచి తడి చేతులతో పరిగెత్తి వచ్చి, తట్టలో సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టుకొని బయటికొస్తే ఎవ్వరూ లేరు. జేజి, నేనూ కడుపు పట్టుకొని నవ్వినాం. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత నేను కావాలనే మిరక్కాయ దూరంగా పట్టుకొని, చిలకతో ఆ మాట అనిపించి, అమ్మను పరిగెత్తించేదాన్ని.

మూడో ఏడు వానలు పడినాక నాయనకు జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. జమ్మలమడుగు ఆసుపత్రిలో చేర్చినారు. టైఫాయిడ్ అన్నారు. పేగులు తడిసిన కాగితం మాదిరి ఉన్నాయి, గట్టి పదార్థం తగిలితే చిరుగుతాయి, జ్వరం దిగిన పది రోజుల దాకా బార్లీ నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దు అని డాక్టరు అమ్మకు గట్టిగా చెప్పినాడు. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. జేజి, నేనూ రెండు రోజులకొకసారి నాయన నడిపే బస్సులోనే, ఇంకో డ్రైవరు నడుపుతుంటే, పోయి వచ్చేవాళ్ళం.

మూడు వారాలకు మనిషి మంచానికి అంటుకుపోయినాడు. మమ్మల్ని చూస్తే చాలు, తిండి అడిగేవాడు. "ఏమ్మీ, ఆకలైతాంది. ఒక్క ముద్ద పెట్టుమీ." అమ్మ గోడ పక్కకు తిరిగి కూర్చునేది. "పెట్టకూడదంట. ఇంకొక పది రోజులు," అనేది గోడతోనే. జేజి అమ్మను చూసే చూపు నాకిప్పటికీ తెలుసు. వసారాలోకి వచ్చినాక నాతో అనింది: "దాని గుండె రాయి. కన్నతల్లిని, నేను చూడగలనా?"

ఆ తర్వాత ఆదివారం అమ్మ బట్టలు ఉతికేదానికి పోయినప్పుడు జేజి నన్ను వార్డు తలుపు దగ్గర నిలబెట్టింది. నర్సమ్మ వస్తే దగ్గమని చెప్పింది. నేను నిలబడినాను. తిరిగి చూస్తే జేజి ఒళ్ళోంచి అరిటాకు పొట్లం తీసి నాయన నోట్లో ఏదో పెడుతోంది. నెయ్యి వాసన తలుపు దాకా వచ్చింది. పూర్ణం పెట్టి నేతిలో కాల్చిన ఓళిగ. నాయన కండ్లు మూసుకొని నమిలినాడు. అంత ఇష్టంగా తినింది నేను ఎన్నడూ చూడలేదు. మంగళవారం ఆయన శవం వచ్చింది.

ఆ పొట్లం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దానికీ చావుకూ ముడిపెట్టే వయసు కాదనుకుంటారేమో. తెలుసు. డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. అయినా శవం మీద పడి జేజి, "ఆకలాకలని అడిగి అడిగి పోయినాడే నా కొడుకు, ఒక్క మెతుకు పెట్టలేదే ఈ పాపిష్టిది" అని ఏడుస్తుంటే, వీధి ఆడోళ్ళంతా అమ్మ పక్క చూస్తుంటే, నేను జేజి చెంగు పట్టుకొని నిలబడినాను.

పదకొండో దినం ఇంటినిండా జనం. ఆ హడావిడిలో చిలకకు ఎవరూ ఏమీ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మధ్యాన్నం వడ్డన మొదలైనాక వసారాలోంచి చిన్న దగ్గు వినిపించింది. వెనకనే, "ఏమ్మీ, ఆకలైతాంది. ఏమన్నా పెట్టుమీ."

తింటున్న వాళ్ళ చేతులు ఆగిపోయినాయి. అమ్మ చేతిలో నుంచి సాంబారు గిన్నె జారి కాళ్ళ మీద పడింది. కాలిందని కూడా అనలేదు. రెండు చేతులతో చెవులు మూసుకొని గోడవారన కూలబడింది. జేజి మాత్రం లేచి, తూలుకుంటా పోయి పంజరం ముందర కూర్చోని, "యాడుండావు నాయనా, యాడుండావు" అని అడుగుతానే ఉండింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ చిలక చుట్టూ ఇద్దరు ఆడోళ్ళ మధ్య యుద్ధం జరిగింది. మధ్యలో నేను.

అమ్మకు ఆ గొంతు వినపడకూడదు. కడుపు నిండితే చిలక మాట్లాడదని ఆమె తొందరగానే కనిపెట్టింది. పక్క వీధిలో నూలు కండెలు చుట్టే పనికి పోయేముందు గిన్నె నిండా చెనక్కాయ గింజలు పోసి, జామకాయ ముక్కలు గుచ్చి పోయేది. జేజికి ఆ గొంతు కావాల. ఆకలైతేనే అది మాట్లాడుతుందని ఆమె కూడా కనిపెట్టింది.

"పాపా," అని ఒకరోజు నన్ను దగ్గరికి తీసుకొని చెప్పింది, "మీ అమ్మ పోతానే ఆ గిన్నె తీసేయ్. మధ్యాన్నం దాకా ఏమీ పెట్టాకు. మీ నాయన మాట విందాం."

నేను ఒప్పుకున్నాను. జేజి బలవంతం చేసిందని చెప్పుకుంటే అబద్ధం. నాకూ వినాలని ఉండింది. గింజలు నా పావడ జేబులో పోసుకొని, బొరుగులతో కలిపి నేనే తినేదాన్ని. మధ్యాన్నం బడి నుంచి వచ్చి జేజి పక్కన కూర్చుంటే చిలక తీగెల మీద పైకీ కిందికీ తిరిగి తిరిగి, చివరికి దగ్గి, నాయన గొంతుతో అడిగేది. జేజి ఏడ్చేది, నవ్వేది. "పెడతా తీయ్ నాయనా. ఏం పెట్టమంటావు? కొర్రన్నం చేసినా, తింటావా?" అది మళ్ళా అదే మాట. అట్లా ఒక గంట సేపు మాట్లాడించి ఒక గింజ ఇచ్చేది. ఎక్కువిస్తే మాట ఆగిపోతుందని.

మధ్యాన్నం కాస్తా సాయంత్రం అయింది. జేజి తెలివిగా అమ్మ వచ్చే వేళకే మిరక్కాయ చేతికి తీసుకునేది. అమ్మ గడపలో కాలు పెట్టడం, లోపలి నుంచి మొగుడు ఆకలని అడగడం. రోజూ. అమ్మ నిలబడిపోయేది. ఆమె ముఖం చూడాలని జేజి తల తిప్పి కూర్చునేది. అమ్మ పరిగెత్తి గింజలు పోసి, అది తినేదాకా అక్కడే నిలబడి, "పొద్దన నిండా పోసి పోయినా గదా. ఎంత తిన్నా దీనికి తీరదా" అని నన్నడిగేది. "అంతా తినేసింది మా" అని చెప్పేదాన్ని.

ఒకసారి గండికోట చూపించేదానికి బడిపిల్లలను తీసుకపోతా ఉంటే అమ్మ నన్ను పంపలేదు. ఏడ్చి మారాం చేస్తే ఒకటి పీకింది. మరుసటి రోజు జేజి చెప్పకముందే నేను గిన్నె తీసేసినాను. నీళ్ళు కూడా తీసినాను. సాయంత్రం అమ్మ పోసిన గింజలు కూడా ఆమె దొడ్లోకి పోయినప్పుడు లాగేసినాను. ఆ మరుసటి రోజు అమ్మ పొద్దంతా తిననిది, సాయంత్రం తట్ట పెట్టుకొని మొదటి ముద్ద కలిపింది. నోటిదాకా పోయింది. వసారాలోంచి దగ్గు. "ఏమ్మీ, ఆకలైతాంది."

అమ్మ ముద్దను తట్టలో పెట్టి లేచి పోయింది. నాకు సంతోషం వేసింది. బాగా గుర్తు, సంతోషమే. చిలకను పెంచితే ఏం ఫలమంటే ఆరోజు నాకు దొరికిన ఫలం అది.

చలికాలం వచ్చేతలికి చిలక ఎద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది. రోజూ రేకు మీద పచ్చని మెత్తని ఈకలు. కింద గులాబీ రంగు చర్మం బయటపడింది. మెడ గోకేదానికి నేను వేలు పెడితే తల వంచడం మానుకుంది. పంజరం తలుపు కొక్కెం ఊడిపోతే బాగుచేసేదానికి సాయిబు తాత వచ్చినాడు. పక్షిని రెండు చేతులతో పట్టుకొని బయటికి తీసి, బొటనవేలితో ఎద తడిమినాడు.

"అమ్మా, ఇట్ల రా," అని మా అమ్మను పిలిచినాడు. "ఎముక చూడు, కత్తి మాదిరి తేలింది. జబ్బు కాదు ఇది. దీనికి తిండి పెడతాండారా?"

"రోజూ నా చేత్తో పోసి పోతాండా మామా."

"నువ్వు పోస్తాండావు. దీని నోట్లోకి పోతాండేది లేదు."

అమ్మ నన్ను చూసింది. నేను జేజిని చూసినాను. అంతే, ఎవరూ ఏమీ చెప్పే పని లేకపోయింది.

జేజి దాచలేదు. "ఔ. నేనే తీయించినా. నా కొడుకు మాట దాంట్లో ఉండాది. నాకు వినపడాల," అనింది. తర్వాత గొంతు పెంచింది. "నువ్వు వాన్ని ఆకలికి చంపినావు. వాడింకా అడుగుతానే ఉండాడు. నువ్వు ఇనలేకపోతాండావు. ఇను. బతికినన్నాళ్ళు ఇను."

సాయిబు తాత చిలకను పట్టుకొని అట్లే నిలబడినాడు. అమ్మ కేకలు వేయలేదు. కొంగు నడుముకు దోపుకొని, రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"ఆకలికి పోలేదత్తా ఆయన. ఆదివారం మీరు వచ్చి పోయినాక దిండు కింద అరిటాకు దొరికింది. ఓళిగ తునక ఇంకా ఉండింది దాంట్లో. సోమవారానికి కడుపు రాయి మాదిరి అయింది. ఏం పెట్టినారని డాక్టరు అడిగితే, నేనే పెట్టినానని చెప్పినా. అందరి ముందర తిట్టినాడు. పడినా. ముసలామె కొడుకును పోగొట్టుకుంటాంది, ఈ మాట కూడా ఎందుకు ఆమె నెత్తిన అని పడినా."

జేజి, "అబద్ధం," అనింది.

అమ్మ నా పక్కకు తిరిగింది. "నువ్వు కూడా ఉన్యావు గదా ఆ పొద్దు. చెప్పు. పెట్టిందా లేదా?"

ఆమె నన్ను అడగకుండా ఉండాల్సింది. నేనూ నోరు తెరవకుండా ఉండాల్సింది. "పెట్టింది," అన్నాను. "నేను తలుపు కాడ నిలబడి ఉంటి."

 జేజి పోయి తన చాప మీద గోడకు తిరిగి పడుకుంది. రెండు రోజులు లేవలేదు, తినలేదు. మూడో రోజు పొద్దున అమ్మ సంగటి ముద్ద, పప్పు తట్టలో పెట్టుకొని పోయి ఆమె ముందర కూర్చోనింది.

"లేచి తినత్తా. నువ్వు కూడా తినకుండా పోతే ఆ మాట కూడా నా మీదికే వస్తుంది."

బుజ్జగించినట్టు లేదు ఆ గొంతులో. జేజి లేచి కూర్చోని, కండ్లలోంచి నీళ్ళు తట్టలో పడుతుంటే, అమ్మ చూస్తుండగా ముద్దంతా తినింది. అమ్మ చివరి దాకా కదలకుండా చూసి, ఖాళీ తట్ట తీసుకొని లేచింది. ఆ తర్వాత ఆరేండ్లు బతికింది జేజి. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకొని తిన్నారు. అవసరమైన మాట తప్ప ఇంకో మాట అనుకోలేదు.

చిలకను సాయిబు తాత తీసుకపోయినాడు. అమ్మే తీసుకపొమ్మనింది. ఆయన దాన్ని తన పని దగ్గరే చూరుకు వేలాడదీసి, తాను తినే ప్రతిదీ ముందు దానికి పెట్టినాడు. మూడు నెలలకు ఎద మీద ఈకలు వచ్చినాయి. రేకు మీద సుత్తి దెబ్బల చప్పుడు నేర్చుకుంది. రోజంతా ఠక్కు ఠక్కుమని అదే. జేజి రోజూ మధ్యాన్నం గోడవారన చాప వేసుకొని, ఆ పక్కకు చెవి పెట్టి కూర్చునేది. సుత్తి చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఒక్కసారి వినపడింది. తాత బంధువుల పెండ్లికి చాపాడు పోయి, వాన వల్ల ఆ రోజు తిరిగి రాలేకపోయినాడు. ఆయన ఇంట్లో ఆడోళ్ళు చిలకను మరిచిపోయినారు. మరుసటి రోజు పొద్దెక్కినాక గోడ అవతల నుంచి దగ్గు, ఆ మాట. జేజి చాప మీద నుంచి సగం లేచి, లేచింది లేచినట్టే ఆగిపోయింది. అమ్మ రోకలి పక్కన పెట్టింది. ఒక పిడికెడు చెనక్కాయలు తీసుకొని, వీధిలోకి పోయి, సాయిబు తాత ఇంట్లోకి నడిచింది. నేను వెనకే పోయినాను.

అమ్మ పంజరం దగ్గర నిలబడి ఒక్కొక్క కాయా వలిచి అందించింది. అది కుదురుగా ఆమె వేళ్ళలోంచి తీసుకొని తినింది. పిడికెడూ అయిపోయింది. చివర్లో, "చాలా?" అని మాత్రం అడిగింది.

కింద పడిన ఒక కాయను నేను తీసి వలిచి తీగెల మధ్య పెట్టినాను. చిలక వెనక్కి వెనక్కి పోయి పంజరం అవతలి పక్కకు కరుచుకొని, ఈకలన్నీ ఒంటికి అంటుకునేట్టు బిగించి, నన్నే చూస్తా నిలబడింది. తాత వచ్చినాక ఆయన్ను అడిగినాను, దానికి నా మీద ఇంకా కోపమా అని.

"కోపం కాదు పాపా," అన్నాడు ఆయన, నా ముఖం చూడకుండా రేకు కత్తిరించుకుంటా. "భయం."

ఆ తర్వాత కూడా నేను పోతూనే ఉన్నాను. జామకాయలు, మిరక్కాయలు, ఏది దొరికితే అది తీసుకపోయేదాన్ని. నాకు పెండ్లయి పులివెందులకు పోయేదాకా, ఏడేండ్లు. వీధిలో పోయే పిల్లల చేతుల్లో నుంచి కూడా తినేది. నా చేతిలోది ఒక్కనాడూ తినలేదు.